కరపత్రం వెనక పనితనం

రాజకీయ కరపత్రం అచ్చువేసే మనిషి అది వారం రోజులు నిలిస్తే చాలనుకుంటాడు. అందుకే చవక కాగితం, చవక సిరా వాడతాడు, చాలాసార్లు తేదీ కూడా వెయ్యడు. అందుకున్నవాళ్లు మడిచి జేబులో పెట్టుకుంటారు, లేదంటే అక్కడే పారేస్తారు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెరిగిన మితవాద ఉద్యమాలు చాలావరకు ఇలాంటి కాగితాల మీదే నడిచాయి. పెద్ద పత్రికలు, టీవీ సంస్థలు తమ మాట వినిపించవన్న నమ్మకంతో ఆ సంఘాలు సొంతంగా వార్తాలేఖలు వేసుకున్నాయి, సైక్లోస్టైల్ చేసుకున్నాయి, పోస్టులో ఇంటింటికీ పంపుకున్నాయి. వాటిలో ఎన్నిటికో ఆఫీసంటే ఒక పోస్టు బాక్సు నంబరే. అలాంటి కాగితాన్ని అరవై ఏళ్ల తర్వాత పరిశోధకుడి బల్ల మీద పెట్టి, ఇది ఫలానా వాళ్లు ఫలానా కాలంలో ఫలానా ఊరి నుంచి పంపింది అని చెప్పగలగడానికి చాలా నేర్పు కావాలి. ఆ నేర్పులో ఒక్కో అంచె ఎలా ఉంటుందో చూద్దాం.

కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. అక్కడి కాన్సాస్ విశ్వవిద్యాలయం 1965లో లెయర్డ్ విల్కాక్స్ అనే యువకుడి దగ్గర ఆయన సొంతంగా పోగేసిన రాజకీయ కాగితాలు తీసుకుంది. ఇప్పుడు కెన్నెత్ స్పెన్సర్ పరిశోధన గ్రంథాలయంలో ఉన్న విల్కాక్స్ సేకరణకు అదే మొదలు. మితవాదులవీ, వామపక్షీయులవీ రెండూ అందులో ఉన్నాయి. పుస్తకాలు, చిరుపుస్తకాలు, పత్రికలు కలిపి 10,000 దాకా ఉంటాయి. ఆడియో టేపులు 800. కరపత్రాలు, బ్రోషర్లు, పోస్టులో వచ్చిన విజ్ఞప్తులు, కార్ల బంపర్ల మీద అంటించే స్టిక్కర్లు లాంటి చిల్లర కాగితాలు లక్షకు పైనే. ఉత్తరాలు, రాతప్రతుల లాంటివి 73 లీనియర్ అడుగులు. అంటే అలమారలో పక్కపక్కన పేరిస్తే అంత పొడవు వస్తాయని. ఆర్కైవుల్లో సాధారణంగా వాడే బూడిదరంగు అట్టపెట్టె మందం అయిదు అంగుళాలు. ఆ లెక్కన అవి 170 పెట్టెలు దాటతాయి.

ఇంత సరుకు ఎలా పోగవుతుంది? మార్గం మామూలుదే, ఓపిక మాత్రం మామూలుది కాదు. చందా కట్టడం, ఉచితంగా పంపుతామన్న ప్రతివాళ్లకూ ఉత్తరం రాయడం, సభలకు వెళ్లి బల్ల మీద పెట్టినవన్నీ ఒక్కొక్కటి తెచ్చుకోవడం. ఒకసారి ఒక సంఘం జాబితాలో పేరు ఎక్కితే ఆ జాబితా మరో సంఘం చేతికి పోతుంది, అక్కడి నుంచి ఇంకో సంఘానికి. అలా అడగనివి కూడా ఇంటికి రావడం మొదలవుతుంది. మంచి సేకర్త తనకు నచ్చినవే ఉంచుకోడు, నచ్చనివే ఏరుకోడు, వచ్చినదంతా ఉంచుతాడు. కవరు కూడా పారెయ్యడు. ఆ కవరు ఎంత విలువైనదో కాసేపట్లో చెబుతాను.

ఇలాంటి సేకరణలు ఇంకా కొన్ని ఉన్నాయి, కానీ పుట్టుక ఒక్కో దానిది ఒక్కో రకం. రోడ్ ఐలాండ్‌లో ప్రావిడెన్స్ నగరంలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో హాల్-హోగ్ సేకరణ ఉంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన గోర్డన్ హాల్ అతివాద సంఘాల గురించి ఊరూరా ఉపన్యాసాలిస్తూ వాటి కాగితాలు సేకరించాడు. తర్వాత గ్రేస్ హోగ్ ఆయనతో చేయి కలిపింది. లక్షకు మించిన కాగితాలు అలా చేరాయి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్నవి గ్రూప్ రిసెర్చ్ అనే సంస్థ దస్త్రాలు. వెస్లీ మెక్యూన్ 1962లో వాషింగ్టన్‌లో మొదలుపెట్టిన ఆ సంస్థ మితవాద సంఘాల మీద నిఘాలాంటి పరిశోధన చేసి, వార్తాలేఖ వేసేది. దానికి కార్మిక సంఘాల అండ ఉండేది. అంటే ఒకరు కుతూహలంతో, ఇంకొకరు హెచ్చరించాలనే పట్టుదలతో, మరొకరు రాజకీయ ప్రత్యర్థిని కనిపెట్టుకుని ఉండాలని పోగేశారు. ఏది ఎందుకు పోగైందో తెలియకపోతే ఆ దస్త్రంలో ఏది ఎందుకు లేదో కూడా తెలియదు. అందుకే ఆర్కైవిస్టు మొదటి నియమం, ఒకరి దగ్గర్నుంచి వచ్చిన కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదు, వాళ్లు పేర్చుకున్న వరుసను కారణం లేకుండా చెదరగొట్టకూడదు.

ఇక పెట్టె తెరుద్దాం. మొదట తేల్చుకోవలసింది, ఫోల్డర్ దేని పేరు మీద ఉండాలి? కొత్తవాళ్లకు తోచేది విషయం. కానీ 1962 నాటి ఒక మితవాద కరపత్రం తీసుకోండి. మొదటి పేజీలో తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం కమ్యూనిస్టుల కుట్ర అంటుంది. లోపల ఐక్యరాజ్యసమితి నుంచి అమెరికా బయటికి రావాలంటుంది. వెనక పేజీలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్‌ను అభిశంసించమంటుంది, బడిలో ప్రార్థన సంగతీ ఆదాయపు పన్ను సంగతీ అంచులో చేరుస్తుంది. దీన్ని ఏ విషయం కింద పెట్టాలి? ఏది ముఖ్యమని తేల్చినా అది పెట్టినవాళ్ల అభిప్రాయమే అవుతుంది. సంఘం పేరు మాత్రం కాగితం మీదే ఉంది. కాబట్టి ఫోల్డర్ సంఘానిది, వరుస అక్షరక్రమానిది. పైగా ఆ పేరు సంఘం తనను తాను పిలుచుకున్న పేరే. దాని పక్కన దుర్మార్గమనో, దేశభక్తి అనో విశేషణం చేర్చరు. ఈ నిగ్రహమే ఈ పని మొత్తానికీ వెన్నెముక అని నా నమ్మకం. మనసు మండే రాతలు చేత్తో పట్టుకుని, చిట్టా మీద ఒక్క మాట ఎక్కువ రాయకుండా సరిగ్గా దాని చోట పెట్టడానికి చాలా శిక్షణ కావాలి.

పేర్లతో వచ్చే చిక్కు ఇంతటితో తీరదు. సంఘాలు పేర్లు మార్చుకుంటాయి, చీలతాయి, విలీనమవుతాయి, ఒకే మనిషి వంటింటి బల్ల నుంచి మూడు పేర్లతో వెలువడతాయి. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పు ఇచ్చాక, దాన్ని అడ్డుకోవడానికి మిసిసిపీలోని ఇండియనోలాలో శ్వేతజాతీయుల సిటిజన్స్ కౌన్సిల్ పుట్టింది. అలాంటి కౌన్సిళ్లు దక్షిణాది అంతా పాకి, తర్వాత చప్పబడ్డాయి. 1985లో కౌన్సిల్ ఆఫ్ కన్సర్వేటివ్ సిటిజన్స్ అని మరో సంఘం వచ్చింది. పాత కౌన్సిళ్ల చిరునామాల జాబితాలతోనే అది మొదలైంది. అక్షరక్రమంలో ఈ రెండూ ఒకచోట రావు. అందుకని చిట్టా తయారుచేసేవాళ్లు ఒక్కో సంఘానికి ఒకటే ప్రామాణిక పేరు ఖాయం చేసుకుని, పొట్టి పేర్లు, పాత పేర్లు, మారుపేర్లు అన్నిటి దగ్గరా ‘ఫలానాది చూడండి’ అని రాస్తారు. వేరే సంఘమే అయినా సంబంధం ఉంటే ‘ఇదీ చూడండి’ అంటారు. మాటల్లో తేడా చిన్నది, అర్థంలో పెద్దది. రెండూ ఒకటే సంఘమని చెప్పడానికీ, రెండిటికీ చుట్టరికం ఉందని చెప్పడానికీ కావలసిన సాక్ష్యం వేరు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది తేదీ లేని కాగితానికి తేదీ కట్టే పద్ధతి. చిరునామా దగ్గర మొదలుపెడతారు. అమెరికా పెద్ద నగరాల్లో 1943 నుంచి తపాలా జోన్లు ఉండేవి, నగరం పేరు పక్కన ఒకటి రెండు అంకెలు. 1963 జూలై 1న అయిదంకెల జిప్ కోడ్ వచ్చింది. 1983లో దానికి ఇంకో నాలుగంకెలు తోడయ్యాయి. కాబట్టి ‘చికాగో 5, ఇల్లినాయ్’ అని ఉన్న కరపత్రం జిప్ కోడ్ రాకముందుదో, పాత అచ్చు మిగిలి వాడుకున్నదో అయి ఉండాలి. తొమ్మిదంకెలుంటే 1983కు ముందుది కానే కాదు. టెలిఫోన్ నంబరు అక్షరాలతో మొదలైందా, అంతా అంకెలేనా అన్నది ఇంకో ఆధారం. లోపల పేర్కొన్న బిల్లు ఏ సమావేశాల్లోది, సెనేటరని రాసిన మనిషి ఆ పదవిలో ఎన్నేళ్లున్నాడు, అడిగిన చందా ఎన్ని డాలర్లు, అన్నీ కలిపితే పదేళ్ల అనుమానం రెండేళ్లకు కుదించుకుపోతుంది. ఇలా ఊహించి కట్టిన తేదీని చిట్టాలో చదరపు కుండలీకరణాల్లో రాసి, ముందు ‘సుమారు’ అని చేరుస్తారు. కాగితం చెప్పిందేదో, మనం ఊహించిందేదో చదివేవాళ్లకు తేటతెల్లంగా కనిపించాలి కదా.

కవరు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఒకేసారి వేలకొద్దీ ఉత్తరాలు పంపే సంస్థ కవరు మీద బిళ్ల అంటించదు, పై మూలన చిన్న చదరం అచ్చువేస్తుంది. అందులో తపాలా రుసుము చెల్లించామని, పర్మిట్ నంబరు, ఆ పర్మిట్ ఇచ్చిన ఊరి పేరు ఉంటాయి. వార్తాలేఖ తన చిరునామా వాషింగ్టన్ అని గొప్పగా చెప్పుకున్నా, పర్మిట్ మరో రాష్ట్రంలోని చిన్న ఊరిదై ఉండొచ్చు. పేర్లు వేరైన రెండు సంఘాల కవర్ల మీద ఒకే పర్మిట్ నంబరో, ఒకే పోస్టు బాక్సో కనిపిస్తే పరిశోధకుడికి ఒక తీగ దొరికినట్టే. కవరు పారేసినవాళ్లు ఆ తీగను తెంపేసినవాళ్లవుతారు.

కవరులోనే ఇంకో చిన్న చీటీ ఉంటుంది, విరాళంతో తిప్పిపంపే కార్డు. దాని మూలన అర్థంకాని అంకెలూ అక్షరాలూ. అది ఆ ఉత్తరం ఏ జాబితాలోని పేరుకు వెళ్లిందో చెప్పే సంకేతం. కార్డు తిరిగొచ్చాక ఏ జాబితా నుంచి ఎంత డబ్బు రాలిందో లెక్కగడతారు. ఈ యంత్రాంగాన్ని మితవాద రాజకీయాల్లో పెద్దయెత్తున నిలబెట్టినవాడు రిచర్డ్ విగ్యురీ. 1964 అధ్యక్ష ఎన్నికల్లో బ్యారీ గోల్డ్‌వాటర్ ఘోరంగా ఓడిపోయాడు. ఆయనకు 50 డాలర్లూ ఆ పైనా ఇచ్చిన దాతల పేర్లు చట్టం ప్రకారం ప్రతినిధుల సభ క్లర్కు కార్యాలయంలో అప్పట్లో ఎవరైనా చూడగలిగేవాళ్లు. విగ్యురీ అక్కడికి వెళ్లి వాటిని చేత్తో ఎత్తి రాసుకున్నాడు, మనుషుల్ని పెట్టి రాయించాడు. అలా వచ్చిన 12,500 దాకా పేర్లతో ఆయన పోస్టు వ్యాపారం మొదలైంది. ఓడిన అభ్యర్థి దాతల జాబితా ఒక ఉద్యమానికి ఎలా పెట్టుబడి అయిందో ఆ తిరుగు కార్డులు చూస్తే అర్థమవుతుంది. ఉత్తరంలోని వాదన మాత్రమే దాచి కార్డు పారేస్తే, ఉద్యమం ఏమందో తెలుస్తుంది గానీ ఏ డబ్బుతో నడిచిందో తెలియదు.

గోల్డ్‌వాటర్ పేరు వచ్చింది కాబట్టి ఒక స్టిక్కర్ సంగతి. ఆయన అభిమానులు బంగారపు రసాయన సంకేతాన్నీ, నీటి సంకేతాన్నీ పక్కపక్కన అచ్చువేసి కార్లకు అంటించుకున్నారు. ఇంగ్లీషులో గోల్డ్, వాటర్ కలిస్తే ఆయన పేరే. స్టిక్కర్ మీద మనిషి పేరు లేదు, పార్టీ పేరు లేదు, సంవత్సరం లేదు, ఉన్నవి నాలుగక్షరాలూ ఒక అంకే. ఉన్నదున్నట్టు చిట్టాకెక్కిస్తే గోల్డ్‌వాటర్ కోసం వెతికేవాళ్లకు ఎప్పటికీ దొరకదు. అందుకే చిట్టా రాసేవాళ్లు మొదట అచ్చులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసి, ఆ కింద విడిగా మనిషి పేరు, ఎన్నిక, సంవత్సరం చేరుస్తారు. అలాగే స్టిక్కర్ వెనక జిగురు కాలక్రమాన మెత్తబడి పక్క కాగితాన్ని పట్టుకుంటుంది. దాన్ని తనదంటూ ఒక పారదర్శకపు పాలియెస్టర్ కవచంలో పెట్టి వేరుగా ఉంచుతారు.

జాగ్రత్త ప్రతి కాగితానికీ ఒకటే రకం కాదు. వార్తాపత్రిక కాగితంలో చెక్కలోని లిగ్నిన్ ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలి అది ఆమ్లాన్ని పుట్టిస్తుంది, కాగితం గోధుమరంగుకు తిరిగి అంచుల్లో పొడిపొడిగా రాలుతుంది. తాను చెడటంతో ఆగక, ఆనుకుని ఉన్న మంచి కాగితం మీద కూడా తన ఆకారంలో గోధుమరంగు నీడ వేస్తుంది. అందుకని పేపరు కత్తిరింపుల్ని క్షారగుణమున్న కాగితం మీద ఫొటోకాపీ తీసి ఆ కాపీని ఫోల్డర్లో ఉంచుతారు, లేదంటే రెండు మంచి కాగితాల మధ్య పెడతారు. సైక్లోస్టైల్ చేసిన పేజీలో సిరా గట్టిదే, కాగితమే బలహీనం. ఊదారంగులో వచ్చే స్పిరిట్ కాపీ దీనికి తలకిందులు. దాని కాగితం నిలుస్తుంది గానీ రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. కాబట్టి అది చీకట్లో ఉండాలి, అవసరమైనప్పుడే బయటికి రావాలి.

స్టేపుల్ పిన్ను తీయడం చూస్తే ఈ పని తీరు తెలుస్తుంది. ఆఫీసులో వాడే పళ్ల పట్టకారు ఇక్కడ నిషేధం, అది కాగితాన్ని చింపుతుంది. పేజీల కట్టను బోర్లా పెట్టి, పిన్ను కాళ్లు మడత పడిన వైపు పలచటి లోహపు బద్ద దూర్చి, ముందు ఒక కాలు, తర్వాత రెండోది మెల్లగా నిటారుగా లేపుతారు. కట్టను తిప్పి, పిన్ను వెన్ను కింద అదే బద్ద దూర్చి పైకి లేపితే ముల్లు తీసినట్టు బయటికొస్తుంది. తుప్పు మరక మిగిలినా చిరుగు మిగలదు. ఇంత ఒబ్బిడిగా ఒక పిన్ను తీస్తే లక్ష కాగితాలకు ఎన్నేళ్లు పట్టాలి? మార్క్ గ్రీన్, డెనిస్ మైస్నర్ అనే ఇద్దరు ఆర్కైవిస్టులు 2005లో ఈ ప్రశ్నే వేశారు. పిన్నులు తీస్తూ కూర్చుంటే గోదాముల్లో పెట్టెలు తెరవకుండానే పడి ఉంటాయి, చల్లగా పొడిగా ఉన్న గదిలో పిన్ను అంత తొందరగా తుప్పు పట్టదు, ముందు పాఠకుడి చేతికి అందనివ్వండి అన్నారు. వృత్తిలో పెద్ద చర్చ జరిగింది. వాళ్లు చెప్పిందే సబబని నాకనిపిస్తుంది, కానీ అరవై ఏళ్ల నాసిరకం కాగితంలో అప్పటికే ఎర్రబడిన పిన్ను చూశాక చేయి ఊరుకోదు కూడా. ఏ పిన్ను తీయాలో, ఏది వదలాలో చూసి చెప్పగలగడం అనుభవంతోనే వస్తుంది.

టేపుల పని మరో లోకం. రేడియో ఈ ఉద్యమాలకు ప్రాణం. నోటర్‌డేమ్ న్యాయ కళాశాలకు డీన్‌గా పనిచేసిన క్లారెన్స్ మానియన్ 1954 నుంచి మానియన్ ఫోరం అనే వారపు రేడియో కార్యక్రమం నడిపాడు. 1960లో గోల్డ్‌వాటర్ పేరుతో ‘కాన్షన్స్ ఆఫ్ ఎ కన్సర్వేటివ్’ పుస్తకం రావడం వెనక ఉన్నది ఈయనే. ఆయన పత్రాలు చికాగో చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. టేపుల విషయానికొస్తే, 1970ల నుంచి తయారైన కొన్ని రకాల అయస్కాంత టేపుల్లో పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చి బంకగా మారుతుంది. అలాంటి టేపును నేరుగా నడిపితే కీచుమంటూ పొర ఊడిపోతుంది, దాంతో గొంతూ పోతుంది. అందుకని దాన్ని సన్నటి వేడిలో గంటలకొద్దీ ఆరబెట్టి, జిగురు కొద్దికాలం గట్టిపడ్డాక ఒక్కసారి నడిపి డిజిటల్‌లోకి ఎక్కించుకుంటారు.

ఇన్ని ఫోల్డర్లు పెట్టెలకెక్కాక సూచిక తయారవుతుంది. పైన సేకర్త ఎవరు, ఎందుకు పోగేశాడు, మొత్తం ఎంత, ఏ కాలానిది. ఆ కింద విభాగాలు, విభాగం కింద పెట్టె నంబరు, పెట్టె కింద ఫోల్డర్ నంబరు, పేరు, తేదీలు. ఒక్కో కాగితం గురించి రాయరు, రాయడం కుదరదు కూడా. పైనుంచి కిందికి దిగేకొద్దీ వివరం సూక్ష్మమయ్యే ఈ నిర్మాణాన్ని కంప్యూటర్ చదవగలిగేలా గుర్తులు పెట్టే పద్ధతి మీద బర్క్‌లీలో డేనియల్ పిట్టీ బృందం 1993లో పని మొదలుపెట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చున్న విద్యార్థి కూడా లారెన్స్‌లోని పెట్టెల చిట్టా ఇంట్లోంచే చూసి, తనకు కావలసిన ఫోల్డర్ నంబరు రాసుకోగలడు.

ఇదంతా కలిసి పనిచేయడం చూడాలంటే బ్రౌన్‌లోని జాన్ హే గ్రంథాలయం మంచి చోటు. మిఠాయిల వ్యాపారి రాబర్ట్ వెల్చ్ 1958 డిసెంబరులో ఇండియానాపొలిస్‌లో కొద్దిమందిని పిలిచి రెండు రోజులు మాట్లాడి జాన్ బర్చ్ సొసైటీ అనే మితవాద సంఘం పెట్టాడు. సభ్యులు చిన్న చిన్న శాఖలుగా ఉండేవాళ్లు. ఈ నెల ఎవరికి ఉత్తరాలు రాయాలి, ఏ పుస్తకం పంచాలి అని నెలనెలా బులెటిన్ వచ్చేది. హాల్-హోగ్ పెట్టెల్లో ఆ సంఘం బయటికి పంచినవి ఉంటాయి. అదే గ్రంథాలయంలో ఆ సంఘం సొంత దస్త్రాలు, లోపల నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా ఉన్నాయి. బయటికి చెప్పిన మాట ఒక పెట్టెలో, లోపల అనుకున్న మాట మరో పెట్టెలో. పరిశోధకుడు నెలనెలా రెంటినీ పక్కపక్కన పెట్టి చదవొచ్చు.

చరిత్రకారులు ఈ పెట్టెల దగ్గరికి ఆలస్యంగా వచ్చారు. అమెరికా మితవాదం చరిత్ర రచనలో అనాథగా ఉండిపోయిందని అలన్ బ్రింక్‌లీ 1994లో రాశాడు. 2001లో లీసా మెగర్ కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీ గృహిణుల, ఇంజినీర్ల మితవాదం మీద పుస్తకం తెచ్చింది. అదే ఏడాది గోల్డ్‌వాటర్ ప్రచారం మీద రిక్ పెర్ల్‌స్టైన్ పుస్తకం వచ్చింది. అలాంటి చరిత్రకు ఆధారమయ్యే కాగితానికి ఒక ఉదాహరణ చూడండి. మితవాద కార్యకర్త ఫిలిస్ ష్లాఫ్లీ 1967లో మొదలుపెట్టిన వార్తాలేఖ 1972 ఫిబ్రవరి సంచికలో స్త్రీల సమాన హక్కుల రాజ్యాంగ సవరణ మీద దాడి చేసింది. తర్వాత పదేళ్లలో ఆ సవరణ కావలసినన్ని రాష్ట్రాల ఆమోదం దొరక్క ఆగిపోయింది. ఆ ఫిబ్రవరి సంచికను అప్పట్లో మామూలు పోస్టులా పారెయ్యకుండా ఫోల్డర్లో పెట్టినవాళ్లకు అది ముందు ముందు ఏమవుతుందో తెలియదు. తెలియకుండానే, మిగతావాటికి చూపిన శ్రద్ధే దానికీ చూపారు. ఈ వృత్తి పట్ల నా గౌరవానికి మూలం అదే.

ఈ పెట్టెల్లో యూదుల మీద, నల్లజాతివాళ్ల మీద విషం కక్కిన రాతలు కొల్లలు. వాటిని చదివి, వరుసపెట్టి, శుభ్రం చేసేవాళ్లలో ఆ రాతలు ఎవరిని ఉద్దేశించాయో వాళ్లూ ఉంటారు. అందుకే ఈమధ్య చాలా గ్రంథాలయాలు సూచికల్లో ముందే హెచ్చరిక రాస్తున్నాయి, సంఘం వాడిన దూషణ మాటను దాని పేరులో మాత్రమే ఉంచి, తాము రాసే వర్ణనలో మామూలు మాట వాడుతున్నాయి. అసలు కాగితం మీద గీత పడదు, వర్ణన మాత్రం మర్యాదగా ఉంటుంది.

చివరి అంచె పాఠకుల గది. సంఘం సొంత దస్త్రాలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది, సభ్యుల జాబితాలు. పేరు, ఇంటి చిరునామా, కట్టిన చందా, బతికున్న మనుషులవి. చరిత్రకు ఇవి బంగారం, ఎవరు ఏ వీధి నుంచి చేరారో ఇంత కచ్చితంగా ఇంకెక్కడా దొరకదు. కానీ ఎప్పుడో యౌవనంలో అయిదు డాలర్లు పంపిన మనిషిని ఇప్పుడు బజారుకెక్కించే హక్కు గ్రంథాలయానికి లేదు. అందుకని అలాంటి పేజీలను కొన్నేళ్లపాటు మూసి ఉంచుతారు. ఫోల్డర్లోంచి తీసి మూసిన పెట్టెలో పెట్టేటప్పుడు, సరిగ్గా ఆ కాగితం ఉన్న చోట రంగు చీటీ ఒకటి ఉంచుతారు. ఇక్కడ ఉన్నది ఏ రకం కాగితం, ఎన్ని పేజీలు, ఎందుకు తీశారు, ఏ సంవత్సరంలో తెరుస్తారు అన్నవి దాని మీద ఉంటాయి. జాబితా ఉందన్న సంగతి పరిశోధకుడికి తెలుస్తుంది, అందులోని పేర్లు తెలియవు. గడువు తీరిన ఏడాది ఆ పేజీలను తెచ్చి, చీటీ తీసేసి, మళ్లీ అదే వరుసలో పెడతారు.